అడగనిదే రాయని తౌనో

తౌనో కెట్టునెన్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అడగనిదే రాయడు. తన కళ్ళతో చూసిందే అయినా సరే, ఆ పని చేసినవాణ్ణి పట్టుకుని, ‘నువ్వే చేశావా?’ అని అడిగి, ‘అవును’ అనిపించుకుని, అప్పుడు గానీ పెన్సిల్ కాగితానికి ఆనించడు. ఇలాంటి మనిషి తన ఇంట్లో తాను కూర్చుంటే ఊరికి వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ కోస్కిలంపిలో ఐస్ హాకీ మ్యాచ్‌లకి గోల్స్ వివరం రాసే మనిషి ఆయనే. కర్రతో బిళ్ళని తోసి గోల్ ఎవరు కొట్టారు, దానికి ముందు పాస్ ఎవరిచ్చారు, ఆ ముందు పాస్ ఎవరిచ్చారు అనే మూడు పేర్లూ ఆయన చేతి మీదుగానే హెల్సింకీలో లీగ్ ఆఫీసుకి వెళ్ళాలి. ముగ్గురికీ తలా ఒక పాయింటు. కాగితం మీద ఉన్నవి మూడే గడులు.

ఆయన పక్క కుర్చీలో పదకొండేళ్ళుగా హెల్మి కూర్చుంటోంది. పగలు బడిలో మూడువందల మంది పిల్లలకి సూపు కాచి, సాయంత్రం మ్యాచ్ ఉన్న రోజు వచ్చి ఎవరికి ఎన్ని నిమిషాల శిక్ష పడిందో రాస్తుంది. ఆమె పని హాయి. రిఫరీ చెయ్యెత్తి చెబుతాడు, ఈమె రాసుకుంటుంది. ‘నిజంగానే వాడి కాలికి కర్ర అడ్డం పెట్టావా నాయనా?’ అని ఎవరినీ బతిమాలక్కర్లేదు.

తౌనోకి ఈ జబ్బు హాకీ వల్ల వచ్చింది కాదు. కాగితపు మిల్లు గేటు దగ్గర కలప లారీలు తూచడం ఆయన ఉద్యోగం. ఒక జనవరిలో దుంగల మీద జానెడు మంచు పేరుకున్న లారీ వచ్చింది. తౌనో కిటికీలోంచి తల బయటపెట్టి, “మంచుతో కాగితం చేస్తారా?” అని అడిగాడు. డ్రైవరు నవ్వి, “ఎక్కడైనా చేస్తారా?” అన్నాడు. “చేస్తారా, చెయ్యరా?” “చెయ్యరు.” “అయితే దిగు,” అని చేతికి పార ఇచ్చాడు. ఆ పూట గేటు బయట పదిహేడు లారీలు ఆగిపోయాయి. పదిహేడు మంది డ్రైవర్లు తౌనో తాతముత్తాతలందర్నీ తలుచుకుంటూ మంచు గీకారు.

మ్యాచ్ కాగితం సోమవారం పొద్దుటి టపాలో పడాలి. ఆట శనివారం సాయంత్రం అయిపోతుంది. మధ్యలో ఉన్న ఆ ఒకటిన్నర రోజూ కోస్కిలంపి ఆటగాళ్ళకి నిలువనీడ ఉండదు. ఐస్ మీద ప్రత్యర్థి తరమడమే నయం, గంట మోగగానే వదిలేస్తాడు.

ఒకసారి కెప్టెన్ యోర్మా పెదవి చిట్లింది. డాక్టరు కుట్లు వేస్తున్నాడు. తౌనో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

“డాక్టరు గారూ, సూది కాస్త ఆపుతారా? ఒక్క ప్రశ్న. యోర్మా, రెండో గోల్‌కి పాస్ నీదేనా?”

యోర్మా నోట్లో దారం ఉంది. ఒక వేలు ఎత్తి చూపించాడు.

“ఒక వేలంటే? మొదటి పాసనా, బిళ్ళ ఒక్కసారే తగిలిందనా?”

యోర్మా ఆ వేలు దించి ఇంకో వేలు ఎత్తాడు. దాని అర్థం డాక్టరుకి కూడా తెలిసింది. తౌనో మాత్రం, “ఇది లెక్కలోకి రాదు, కుట్లయ్యాక మాటల్లో చెప్పు,” అని బల్ల మీద కూర్చుని కాచుకున్నాడు.

ఆటయ్యాక కుర్రాళ్ళంతా ఆవిరిగదిలో చేరతారు. లోపల ఎనభై డిగ్రీల వేడి, చెక్క బల్లల మీద ఇరవై మంది దిసమొలలు. ఊరి చరిత్రలో ఆ గదిలోకి ఓవర్‌కోటు, ఉన్ని టోపీ, రబ్బరు బూట్లతో అడుగుపెట్టిన మగవాడు తౌనో ఒక్కడే.

“బాబాయ్, తలుపెయ్యి! వేడంతా పోతోంది!”

“మూడో గోల్‌కి పాస్ నీదేనా?”

“నాదే, తలుపెయ్యి!”

“నిన్ను కాదయ్యా, నీ పక్కవాణ్ణి.”

“ఈ పొగలో పక్కవాడెవడో నాకూ తెలీదు బాబాయ్!”

కళ్ళజోడు మసకబారి, ఆయన ఒకే మనిషిని మూడుసార్లు అడిగాడు. ఆ మనిషి మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. “ముగ్గురూ ఒకే మాట చెబుతున్నారు, అయితే ఖాయమే,” అని తౌనో సంతోషంగా బయటికొచ్చాడు. ఈ సంగతి హెల్మికి యోర్మా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె బల్ల పట్టుకుని నవ్వింది.

ఇంకోసారి పొరుగూరి జట్టు ఏడు గోల్స్ తిని, ముఖాలు మాడ్చుకుని బస్సెక్కింది. గేటు దగ్గర బస్సు ముందు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు తౌనో. డ్రైవరు సడన్‌గా బ్రేకు కొట్టాడు. తౌనో మెట్టెక్కి, “ఆరో గోల్ పడకముందు బిళ్ళ మీలో ఎవరి కర్రకైనా తగిలిందా?” అని మర్యాదగా అడిగాడు. వాళ్ళు అన్నది ఇక్కడ రాసేది కాదు. కానీ తగల్లేదనే అన్నారు. తగిలి ఉంటే అంతకుముందు పాసులు చెల్లవు కాబట్టి, అదాయనకి చాలు.

చర్చినీ వదల్లేదు. ఆదివారం ప్రార్థనలో అందరూ లేచి పాడుతుంటే, నాలుగో వరసలో ఉన్న ఆటగాడు రైమో చెవి దగ్గరకి వంగి ప్రశ్న గొణిగాడు. రైమో పుస్తకంలోంచి తల ఎత్తకుండా, పాట వరసలోనే, “లేదు, లేదు, నాది కాదు,” అని పాడేశాడు. పక్కనున్న ముసలమ్మ అది తనకి తెలియని చరణం కాబోలు అనుకుని పేజీలు వెతుక్కుంది.

ఇంతటితో ఆగినా బాగుండేది. డెబ్బై ఎనిమిదిలో కొత్త సీజన్ మొదలైన దగ్గర్నుంచి, పాసిచ్చిన ఇద్దరి పేర్లూ తేలాక కూడా తౌనో కదిలేవాడు కాదు. “సరే, అంతకుముందు నీకెవరిచ్చారు?” అని మొదలుపెట్టేవాడు. “రాసేది ఇద్దరి పేర్లే కదా బాబాయ్!” అని విసుక్కుంటే, “ఇద్దరివే,” అని ఒప్పుకుని మళ్ళీ అదే ప్రశ్న వేసేవాడు. జవాబు చెప్పడమే త్వరగా వదిలించుకునే మార్గమని ఆటగాళ్ళు కనిపెట్టారు. ముసలితనం, చాదస్తం, అని హెల్మి సరిపెట్టుకుంది.

ఇలా నవ్వుకుంటూ ఎన్నేళ్ళయినా గడిచిపోయేవి. కానీ ఆ సీజన్ నవ్వులాట కాలేదు. క్రిస్మస్‌కి కోస్కిలంపి పట్టికలో అట్టడుగున ఉంది. సీజన్ చివర్లో అడుగున ఉన్నవాళ్ళు కింది లీగ్‌కి దిగిపోవాలి. క్లబ్బు పెద్దలు హడలిపోయి హెల్సింకీ నుంచి హోల్మ్ అనే కొత్త మేనేజర్‌ని తెచ్చారు. ఆయనకి ఆట చూసే ఓపిక లేదు, కాగితం చూస్తాడు. వచ్చిన వారంలోనే డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి నోటీసు అంటించాడు. సీజన్ ముగిసేసరికి ఒక్క పాయింటు కూడా లేని ఆటగాడితో వచ్చే ఏడు ఒప్పందం ఉండదు. గోల్ కీపర్‌కి తప్ప ఎవరికీ మినహాయింపు లేదు.

నోటీసులో పేరు లేదు. అవసరం కూడా లేదు. జట్టులో పాయింటు లేనివాడు ఒక్క రైమోనే.

రైమోకి ముప్ఫై అయిదేళ్ళు. కోస్కిలంపి తరఫున పద్నాలుగో సీజన్. రోజుకి ఏడెనిమిది మాటలు మాట్లాడతాడు, అందులో రెండు వాళ్ళ కుక్కతో. వెనక కాపలా అతని పని. ప్రత్యర్థులు ఇద్దరు మీద పడి గోడకేసి నొక్కుతుంటే, తన గోల్ వెనక మూలలోంచి బిళ్ళని ఎలాగో బయటికి లాగి ముందుకి తోస్తాడు. అక్కడినుంచి అది ఒకరి దగ్గరకి, ఇంకొకరి దగ్గరకి వెళుతుంది. అప్పటికి జనం కళ్ళన్నీ ముందుకి పోయి ఉంటాయి. రైమో గోడ పక్కన మోకాళ్ళ మీద లేస్తుంటాడు.

అతని భార్య లీసా, హెల్మి పనిచేసే బడిలోనే నర్సు. జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చింది.

“హెల్మి అక్కా, బంగాళాదుంపలొచ్చే చెక్కపెట్టెలు ఖాళీవి ఉంటే పారెయ్యకు, నాకియ్యి.”

“ఎందుకే?”

“సామాన్లు సర్దుకోవాలి. పైన ఉత్తరాన ఏదో కింది లీగ్ జట్టు పిలిచింది. ఆరువందల కిలోమీటర్లు. అక్కడ నాకు ఉద్యోగం ఉందో లేదో తెలీదు. ఆయన ఆటాపేసి బతకలేడక్కా, చూస్తున్నావుగా.”

హెల్మి పెట్టెలు దాచింది గానీ ఇవ్వడానికి మనసొప్పలేదు. తర్వాతి మ్యాచ్‌లో తౌనో చెవిలో జోరీగలా చేరింది.

“తౌనో గారూ, ఒక్కటి. ఒక్క పాస్ రైమో పేర రాసెయ్యండి. ఎవరి కొంప మునుగుతుంది?”

“అతని పాస్ గోల్‌కి అంత దగ్గరలో పడలేదండీ.”

“పడలేదని నాకూ తెలుసు. రాయమంటున్నాను.”

“అడిగితే అతనే కాదంటాడండీ,” అని తౌనో పెన్సిల్ చెక్కుకున్నాడు.

ఫిబ్రవరిలో జట్టే రంగంలోకి దిగింది. గోల్ ముందు ఎనిమిది మంది కుప్పగా పడ్డ గందరగోళంలో ఒక గోల్ పడింది. ఎవరి కర్ర తగిలిందో దేవుడికే తెలియాలి. ఇంతకంటే మంచి సమయం దొరకదని యోర్మా అందర్నీ పిలిచి చెప్పాడు. “ఒరేయ్, అందరిదీ ఒకటే మాట. పాస్ రైమోది. నీళ్ళు నమిలినవాడికి నా చేతిలో అయిపోతుంది.” అవతలి జట్టు గోల్ కీపర్‌కి కూడా కబురు వెళ్ళింది. అతను ఒకప్పుడు రైమోతో కలిసి ఆడినవాడే, సరేనన్నాడు.

తౌనో వరసగా పదకొండు మందిని అడిగాడు. పదకొండు మందీ రైమోదే అన్నారు. ఒకడైతే అడగకముందే అన్నాడు. హెల్మి వెనకే వెళ్ళింది. చివరికి రైమో క్యాంటీన్ దగ్గర దొరికాడు. ఆవాలముద్ద పూసిన సాసేజీ తింటున్నాడు.

“రైమో, ఆ బిళ్ళ నీ కర్రకి తగిలిందా?”

రైమో నమిలాడు. మింగాడు. యోర్మా వెనకనుంచి కళ్ళు పెద్దవి చేసి, తల పైకీ కిందకీ ఊపాడు. హెల్మి కూడా ఊపింది.

“లేదు,” అన్నాడు రైమో.

“పదకొండు మంది తగిలిందన్నారు.”

“మంచి కుర్రాళ్ళు,” అని రైమో మిగతా సాసేజీ తినేశాడు.

తౌనో పేరు రాయకుండానే పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. యోర్మా తలని గోడకేసి కొట్టుకున్నాడు, హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది. హెల్మికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“మనిషివా, మానువా? అడక్కుండా ఉంటే నీ నోరు పడిపోయేదా? ఆ పెన్సిల్‌తో ఒక కాపురాన్ని ఊరు దాటిస్తున్నావు, తెలుసా?”

పదకొండేళ్ళలో ఆమె ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. ఆ రోజునుంచి ఆమె మాట్లాడటం మానేసింది. లెక్క రాసేవాళ్ళు కూర్చునే గాజు గదిలో భుజం భుజం తగులుతూ కూర్చుని, సీజన్ చివరిదాకా ఆమె నోట “రెండు నిమిషాలు, మోచెయ్యి,” “రెండు నిమిషాలు, కర్ర” తప్ప ఇంకో మాట రాలేదు.

మార్చిలో చివరి మ్యాచ్. గెలిస్తే లీగ్‌లో ఉంటారు, లేకపోతే దిగిపోతారు. ఆఖరి నిమిషాల్లో యోర్మా గోల్ కొట్టాడు. హాలు పైకప్పు ఎగిరిపోయేంత కేకలు. అందరూ యోర్మా మీద పడి నలిపేస్తుంటే, హెల్మి రెండో చివరికి చూసింది. ఆ బిళ్ళ బయల్దేరింది అక్కడినుంచే. రైమో గోడ పక్కన ఒక మోకాలు మీద ఉండి, అక్కడినుంచే చెయ్యెత్తి ఊపుతున్నాడు. అతని తర్వాత ముగ్గురి కర్రలు తగిలి అది గోల్‌లో పడింది. ముగ్గురికీ పాయింట్లు వచ్చాయి. ఊరంతా పండగ చేసుకుంది గానీ హెల్మి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

సోమవారం మధ్యాహ్నం క్లబ్బు గదిలో సమావేశం. బల్ల మీద కాఫీ, ఏలకుల బన్నులు. జట్టంతా ఉంది, లెక్క రాసేవాళ్ళని కూడా పిలిచారు. హోల్మ్ కళ్ళజోడు పెట్టుకుని పేర్లు చదువుతూ వచ్చాడు.

“రైమో. గోల్స్ సున్నా. పాసులు సున్నా. మొత్తం సున్నా.” ఆయన తల ఎత్తాడు. “నాకూ బాగా లేదు. కానీ నోటీసు అందరికీ ఒకటే.”

ఇరవై మంది మగవాళ్ళు తమ బూట్లు చూసుకున్నారు. రైమో లేచి కోటు అందుకున్నాడు. అప్పుడు వెనక బెంచీనుంచి తౌనో చెయ్యెత్తాడు.

“హోల్మ్ గారూ, నా దగ్గర కొన్ని కాగితాలున్నాయండీ.”

“మీ కాగితాలే కదండీ నేను చదువుతున్నది.”

“అవి లీగ్‌వి. ఇవి నావి.”

ముప్ఫై ఆరు మ్యాచ్‌లకి ముప్ఫై ఆరు కాగితాలు. ప్రతిదాంట్లో, రెండో పాస్ గడి పక్కన, స్కేలు పెట్టి గీసిన ఇంకో గడి ఉంది. అంతకుముందు పాస్ ఎవరిదో అందులో ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఎవర్ని అడిగింది, ఎక్కడ అడిగింది కూడా ఉంది. ఆవిరిగది, పై బల్ల. చర్చి, నాలుగో వరస. కుట్లు వేసే గది.

“ఈ ఏడు మనవాళ్ళు కొట్టింది నూట పన్నెండు గోల్స్ అండీ,” అన్నాడు తౌనో. “అందులో నలభై ఒకటి రైమో దగ్గర మొదలయ్యాయి. రెండో స్థానంలో ఉన్నవాడికి తొమ్మిదే.”

గదిలో బన్ను నములుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. హోల్మ్ కాగితాలు తిరగేశాడు.

“లీగ్ దీన్ని లెక్కలోకి తీసుకోదు.”

“తీసుకోదండీ. మీరు కాగితం చూస్తారని విన్నాను, అందుకని తెచ్చాను.”

“మీరు మీ ఊరివాడి మీద అభిమానంతో రాసుకోలేదని నాకేం నమ్మకం?”

ఆ మాటకి యోర్మా పగలబడి నవ్వాడు. కుట్లు పడ్డ పెదవి పట్టుకుని మరీ నవ్వాడు. “అభిమానమా? ఈయనకా? అయ్యా, మేం పదకొండు మందిమి నిలబడి అబద్ధం చెప్పినా ఒక్క పాయింటు రాయించలేకపోయాం!” అని ఫిబ్రవరి కథంతా, తాము చెప్పిన అబద్ధంతో సహా, మేనేజర్ ముందు విప్పేశాడు. హెల్మి ఆ మాటలు వింటూ, ఆ రోజు తౌనో అబద్ధం ఒకటి రాసి ఉంటే ఇవాళ ఈ ముప్ఫై ఆరు కాగితాల్నీ ఎవరు నమ్ముతారని ఆలోచించింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఈలోగా రైమో కాగితాలు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చదువుతున్నాడు. ఒకచోట వేలు పెట్టాడు.

“ఇది నాది కాదు.”

అందరూ ఒక్కసారి మూలిగారు. తౌనో ముఖం తెల్లబోయింది. “నువ్వే అవునన్నావుగా!”

“ఆ రోజు తలకి దెబ్బ తగిలింది. ఏమడిగినా అవునన్నాను.”

తౌనో రబ్బరు తీసి చెరిపాడు. “నలభై,” అన్నాడు.

రైమో ఇంకో రెండు కాగితాలు తిప్పాడు. “ఇదీ కాదు. ఇది యోర్మాది.”

“ఒరేయ్ రైమో, నోర్ముయ్యరా!” అని అరిచాడు యోర్మా.

“ముప్ఫై తొమ్మిది.”

“ఇది... చెప్పలేను. ఇద్దరం పడ్డాం.”

“చెప్పలేకపోతే తీసెయ్యాలి,” అన్నాడు తౌనో బాధగా. “ముప్ఫై ఎనిమిది.”

రైమో తర్వాతి కాగితం అందుకోబోయాడు. హోల్మ్ కుర్చీ వెనక్కి తోసుకుని లేచి, అతని చేతిలోంచి ఆ కట్టంతా లాగేసుకున్నాడు.

“చాలు! ఇంకాసేపు చదవనిస్తే మళ్ళీ సున్నాకి తెస్తావు!” అన్నాడు. నిలబడే ఉండి, బల్ల మీదికి వంగి, రైమో ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి అతని వైపు తోశాడు. “పాయింట్లు పెంచమని దెబ్బలాడేవాళ్ళని చూశాను గానీ, ఇలాంటి ఊరు ఎక్కడా చూళ్ళేదు.”

రైమో కోటు మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. తర్వాత సంతకం పెట్టాడు. తౌనో దగ్గరకి వెళ్ళి, “ముప్ఫై ఎనిమిది సరిగ్గా ఉన్నాయి,” అన్నాడు. అతని వరకు అది పెద్ద ఉపన్యాసమే.

అందరూ వెళ్ళాక హెల్మి, తౌనో కాఫీ కప్పులు సర్దడానికి మిగిలారు. ఆమెకి సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది, కోపం కూడా పూర్తిగా పోలేదు.

“ఎప్పట్నుంచి రాస్తున్నారండీ ఇది?”

“ఈ సీజన్ మొదటి మ్యాచ్ నుంచి. ఆటయ్యాక అందరి చొక్కాలకంటే రైమో చొక్కా ఎక్కువ తడిసి ఉంది. కాగితం మీద చూస్తే సున్నా. తూకం తేలలేదండీ.”

“అంటే ఆ హోల్మ్ రాకముందే! మరి నేను నోటికొచ్చినట్టు తిట్టినప్పుడైనా చెప్పొచ్చుగా? నెలన్నర మాట్లాడకుండా పక్కన కూర్చున్నానే, అప్పుడైనా చెప్పొచ్చుగా?”

తౌనో కప్పు తుడవడం ఆపి, ఆమెవైపు నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

“చెబుదామనే ఉండేదండీ. మీరు అడిగితే కదా,” అన్నాడు.

హెల్మి తుడిచే గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆవిరిగది సంగతి విన్నరోజు కూడా ఆమె అంత నవ్వలేదు.